పాత పబ్బులు పోయాయంటే అసలు ఏం పోయినట్టు?

బర్మింగ్‌హామ్‌కు ఉద్యోగం మీద వచ్చి ఏడాదైందని రాశారు. ఆఫీసులో పెద్ద వయసువాళ్ళు ఎప్పుడు చూసినా తమ వీధి పబ్బు మూతపడిన సంగతే చెప్పుకుని దిగులు పడతారని, హైదరాబాద్‌లో పబ్బంటే రంగుల దీపాలూ చెవులు హోరెత్తించే పాటలే కనుక ఆ దిగులు మీకు అంతుపట్టడం లేదని అన్నారు. అప్పట్లో అక్కడ ఏముండేది, ఎందుకు మారింది, మద్యం ముట్టని మీరు వెళ్ళి చూడదగ్గవి ఏమైనా మిగిలాయా అన్నవి మీ ప్రశ్నలు. నేను గుంటూరులో వైద్యం చదివి 1974లో ఇటు వచ్చాను. బర్మింగ్‌హామ్‌కు పడమటి పక్కనున్న వెస్ట్ బ్రామిచ్, స్మెతిక్, డడ్లీ ప్రాంతాన్ని బ్లాక్ కంట్రీ అంటారు. నా ఉద్యోగం, కాపురం, ఇప్పటి విశ్రాంతి జీవితం అన్నీ ఇక్కడే. నా రోగుల్లో చాలామంది సంగతులు నాకు వైద్యశాలలో కన్నా పబ్బులోనే ఎక్కువ తెలిశాయి. కాబట్టి కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు హైదరాబాద్ పబ్బును మనసులోంచి తీసేయండి. ఇక్కడి పాత వీధి పబ్బు అచ్చంగా ఒక ఇల్లు. కింద బార్, పైన యజమాని కాపురం. ఆయన్ని ఈ ప్రాంతంలో గాఫర్ అంటారు. మేడమీద గాఫర్ భార్య చేసే వంట వాసన మెట్ల మీదుగా కిందికి వచ్చేది. పిల్లలు బడి నుంచి వస్తే వెనక తలుపు గుండా పైకి వెళ్ళిపోయేవారు. చాలా పబ్బుల్లో పాటల పెట్టె కూడా ఉండేది కాదు. మాటలే సందడి. శనివారం రాత్రి ఎవరైనా పియానో ముందు కూర్చుంటే అది పండగ కింద లెక్క.

లోపల ఇప్పటిలా ఒకే పెద్ద హాలు కాదు, గదులు గదులుగా ఉండేది. పబ్లిక్ బార్‌లో నేల మీద ఉత్త చెక్క, చెక్క బల్లలు, గోడకు చిన్న బాణాలు విసిరి ఆడే డార్ట్స్ పలక. పని బట్టలతో, మసి బూట్లతో నేరుగా వచ్చి కూర్చోవచ్చు. పక్కనే స్మోక్ రూమ్. అందులో నేలకు తివాచీ, గోడల పొడుగునా మెత్తటి బెంచీలు, బొగ్గుల నెగడు, బెంచీ వెనక గోడలో చిన్న చిన్న బెల్లు బొత్తాలు. బొత్తాం నొక్కితే మనిషి వచ్చి ఏం కావాలో అడిగి తెచ్చిచ్చేవాడు. లౌంజ్ ఏమో శనివారాలు భార్యను వెంటబెట్టుకుని వచ్చేవారి కోసం. ఇవి కాక వీధి వైపు చిన్న కిటికీ ఒకటి. అక్కడ కూజా నింపించుకుని ఇంటికి తీసుకెళ్ళేవారు. దాన్ని అవుట్‌డోర్ అనేవారు. మద్యం దుకాణాన్ని ఇప్పటికీ ఈ చుట్టుపక్కల పెద్దవాళ్ళు అవుట్‌డోర్ అనే అంటారు. ఒకే పీపాలోని బీరు పబ్లిక్ బార్‌లో కన్నా లౌంజ్‌లో ఒకటి రెండు పెన్నీలు ఎక్కువ పలికేది.

మనవాళ్ళు పబ్బు అనగానే మన రచ్చబండ లాంటిదని సులువుగా చెప్పేస్తారు. మురిపెంగా అనే ఆ మాటలో ఒక చేదు నిజం కూడా ఉంది. రచ్చబండ మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు దూరంగా నిలబడాలో చెప్పకుండానే ఊరందరికీ తెలుసు. పబ్బులో ఆ పని గోడలు చేసేవి. ఫోర్‌మన్ స్మోక్ రూమ్‌లో, అతని కింద పనిచేసేవాడు పబ్లిక్ బార్‌లో. ఇద్దరూ ఒకే వీధివాళ్ళు, ఒకే కౌంటర్‌కు రెండు వైపులా నిలబడి ఒకే గాఫర్ చేత గ్లాసు నింపించుకునేవారు, కానీ గదులు మాత్రం మారేవారు కాదు. పాత పబ్బును తలచుకుని మురిసిపోయేవారు ఈ సంగతి చెప్పడం మరిచిపోతారు.

ఇక్కడివాళ్ళ పానీయం మైల్డ్. ముదురు గోధుమ రంగులో, కొంచెం తీపిగా, పెద్దగా చేదు లేకుండా ఉండే బీరు. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు లోహం కరిగించి అచ్చులు పోసే ఫౌండ్రీలు, ఉక్కు కర్మాగారాలు, గొలుసులు కొట్టే కొలుములు. కరిగిన లోహం ముందు షిఫ్టు అంతా నిలబడినవాడి ఒంట్లో నీరు చెమటగా పోతుంది. అతనికి కావలసింది మత్తు కన్నా ముందు దాహం తీరడం. మైల్డ్‌లో ఆల్కహాలు మూడు, మూడున్నర శాతమే ఉండేది. పింట్ అంటే 568 మిల్లీలీటర్లు. రెండు మూడు పింట్లు పట్టించినా మనిషి తన కాళ్ళ మీద ఇల్లు చేరేవాడు. నంజుకోవడానికి చీజూ పచ్చి ఉల్లిపాయ ముక్కలూ పెట్టిన గుండ్రటి రొట్టె ఉండేది, దాన్ని కాబ్ అంటారు. కరకరలాడే పంది తోలు వేపుడు కౌంటర్ వెనక సంచుల్లో వేలాడేది. వంట అంటే అంతే. భోజనం ఇంటి దగ్గర చేయాలి, ఇక్కడికి వచ్చేది కూర్చోవడానికి.

ఈ బీరు గురించి ఒక సంగతి చెప్పాలి. పబ్బులు ఎలా చచ్చిపోయాయో అర్థం కావాలంటే అది తెలియాలి. పాత పద్ధతి బీరు పీపాలో చేరాక కూడా పులుస్తూనే ఉంటుంది. నేలమాళిగలో పీపాను పడుకోబెట్టి, పైనున్న బిరడాలో చిన్న చెక్క మేకు దిగ్గొట్టి గ్యాసు కొద్దికొద్దిగా వదిలిస్తారు. మడ్డి కిందికి దిగడానికి చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం కలుపుతారు. శాకాహారులైతే ఇది తెలుసుకుని ఉండటం మంచిది, అది వాడని బీర్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. తేట పడ్డాక చేతిపంపుతో పైకి లాగుతారు. ఒకసారి పీపా తెరిచాక లోపలికి గాలి చేరుతుంది, మూడు రోజుల్లో అమ్ముడుపోకపోతే రుచి చెడుతుంది. అంటే ఈ వ్యాపారానికి రోజూ వచ్చే మనుషులు కావాలి. వాళ్ళు తగ్గితే బీరు పాడవుతుంది, బీరు పాడైతే మిగిలినవాళ్ళు కూడా మానేస్తారు. ఒక పబ్బు కుప్పకూలడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు, వీధి చివరి కర్మాగారంలో ఒక షిఫ్టు ఎత్తేస్తే చాలు.

నేను వచ్చిన రోజుల్లో పబ్బులు మధ్యాహ్నం రెండున్నర, మూడుకల్లా తలుపులేసి మళ్ళీ సాయంత్రం తెరిచేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధ కర్మాగారాల కార్మికులు తాగి పని పాడుచేయకూడదని పెట్టిన నిబంధన 1988 దాకా అలాగే ఉండిపోయింది. రాత్రి మూసే ముందు గాఫర్ గంట కొట్టేవాడు, ఆ తర్వాత చేతిలో ఉన్నది ముగించడానికి పది నిమిషాలు. ఆ గంటతో ఊరంతా ఒకే వేళకు ఇంటిదారి పట్టేది.

నన్ను మొదటిసారి పబ్లిక్ బార్‌లో కూర్చోబెట్టింది అచ్చులు పోసే ఒక పాత కార్మికుడు. ఊపిరితిత్తుల నిండా దుమ్ము పేరుకుని నా దగ్గరికి వచ్చేవాడు. ఒక సాయంత్రం అతని ఇంటికి మందు చీటీ ఇవ్వడానికి వెళితే భార్య పబ్బు వైపు చెయ్యి చూపించింది. లోపల చుక్కల పావులతో నలుగురు ఆడే డామినోస్ బల్ల దగ్గర ముగ్గురే ఉన్నారు. నాలుగో మనిషి రాలేదట. చీటీ జేబులో పెట్టుకుని, ఖాళీ కుర్చీని కాలితో నా వైపు జరిపి, కూర్చో డాక్ అన్నాడు. ఆట నాకు రాదని చెబితే ఎవరూ పట్టించుకోలేదు. ఎదురుగా ఉన్నవాడు తన పావులు ఆడుతూనే నాకు ఒక్కో మాటలో నేర్పాడు. వేయడానికి పావు లేనివాడు నోరు తెరవకుండా వేలి కణుపులతో బల్ల మీద ఒకసారి తడతాడు, వంతు పక్కవాడికి పోతుంది. ఆ తట్టడం కూడా ఒక్కొక్కరిది ఒక్కో రకం. ఎవరి చేతిలో ఏం లేదో ఆ చప్పుడును బట్టి కనిపెట్టేసేవారు. నా ఊరేది, మతమేది, జీతమెంత అని అడిగినవారు లేరు. ఆట అయ్యాక మాత్రం వచ్చే మంగళవారం మ్యాచ్ ఉంది, వస్తావా అని అడిగారు.

మీ ఆఫీసు పెద్దలు దిగులు పడేది దీని గురించే. పిలుపు లేకుండా వెళ్ళి కూర్చోగల చోటు, ఒక పింట్ ధరకు సాయంత్రమంతా ఉండనిచ్చే చోటు, ఒక వారం కనిపించకపోతే ఏమైందని మనిషిని పంపే చోటు. భార్య చనిపోయిన ముసలాయన నాలుగు రోజులు రాకపోతే గాఫర్ నాకు ఫోను చేసిన సందర్భాలు ఉన్నాయి. వెళ్ళి చూస్తే న్యుమోనియాతో మంచం పట్టి ఉండేవాడు. కౌంటర్ దగ్గర డిడ్లమ్ అనే పొదుపు నడిచేది. వారం వారం చిల్లర కట్టించుకుని క్రిస్మస్ ముందు తిరిగి ఇచ్చేవారు. నీళ్ళ గొట్టాలు బాగుచేసేవాడు, ఇంటి పైకప్పు వేసేవాడు, అంత్యక్రియల తర్వాత పదిమందికి టీ పోసే చోటు, అన్నీ అక్కడే కుదిరేవి.

అయితే ఈ ఆదరణ అందరికీ దొరకలేదు. ఆ మాట దాచిపెట్టి తీపి జ్ఞాపకాలు మాత్రమే చెప్పడం నాకు ఇష్టం లేదు. నాకన్నా ముందు వచ్చి ఫౌండ్రీల్లో అందరికన్నా కష్టమైన పనులు చేసిన పంజాబీలను ఇక్కడి పబ్బులు చాలాకాలం పబ్లిక్ బార్‌కే పరిమితం చేశాయి. స్మోక్ రూమ్‌లోకి, లౌంజ్‌లోకి రానిచ్చేవారు కాదు. కొన్నిచోట్ల అసలు గుమ్మమే తొక్కనివ్వలేదు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వాళ్ళు దీన్ని ఓపికగా ఎదిరించారు. తెల్ల విద్యార్థులు ముందు వెళ్ళి కూర్చునేవారు, వెనక భారతీయులు వెళ్ళి అదే గదిలో అదే బీరు అడిగేవారు. కాదన్న చోట సాక్ష్యం నమోదు చేసుకుని, లైసెన్సు పునరుద్ధరణ సమయంలో అభ్యంతరం చెప్పేవారు. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన అవతార్ సింగ్ జౌహల్ స్వయంగా ఫౌండ్రీ కార్మికుడు. అమెరికా నల్లజాతివాళ్ళ హక్కుల నాయకుడు మాల్కం ఎక్స్ 1965 ఫిబ్రవరి 12న స్మెతిక్ వచ్చినప్పుడు, జౌహల్ ఆయన్ని బ్లూ గేట్స్ అనే పబ్బుకు తీసుకెళ్ళాడు. స్మోక్ రూమ్‌లో వాళ్ళకు బీరు పోయలేదు. ఆ తర్వాత తొమ్మిది రోజులకే మాల్కం ఎక్స్ న్యూయార్క్‌లో హత్యకు గురయ్యాడు. అదే ఏడాది చివర్లో వచ్చిన జాతి సంబంధాల చట్టం పబ్బులు, హోటళ్ళ వంటి చోట్ల వర్ణ వివక్షను నిషేధించింది. నాకు ఆ ఖాళీ కుర్చీ దొరకడం వెనక ఆ మనుషుల పోరాటం ఉంది.

ఆడవాళ్ళ సంగతీ అంతే. పబ్లిక్ బార్‌లోకి ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని అందరూ తలతిప్పి చూసేవారు. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లోని ఎల్ వినో అనే ప్రసిద్ధ బార్ ఆడవాళ్ళను కౌంటర్ దగ్గర నిలబడి తాగనివ్వకపోతే, అది చట్టవిరుద్ధమని అప్పీలు కోర్టు తేల్చింది 1982లో. అంత ఆలస్యంగా. గురువారం జీతం కవరు అందుకుని నేరుగా పబ్బుకు వెళ్ళిన భర్త కోసం ఇంట్లో ఎదురుచూసిన ఆడవాళ్ళు నా గదిలో కూర్చుని ఏడవడం చూశాను. కాలేయం పాడై చిన్న వయసులో పోయినవాళ్ళనూ చూశాను. ఇవి కూడా పాత పబ్బు లెక్కలోకే వస్తాయి.

ఇక ఎందుకు మారింది అన్నది. ఎవరిని అడిగినా సిగరెట్ల నిషేధం అంటారు, లేదా కుర్రకారు తాగడం మానేశారు అంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది, కానీ దెబ్బ అంతకు చాలా ముందే పడింది.

మొదటి దెబ్బ పని పోవడం. బ్రయర్లీ హిల్‌లోని రౌండ్ ఓక్ ఉక్కు కర్మాగారం 1982 డిసెంబరులో మూతపడింది. ఆ చుట్టుపక్కలే తర్వాత మెర్రీ హిల్ షాపింగ్ సెంటర్ వెలిసింది. ఫౌండ్రీలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. గేటు ఎదురుగా ఉన్న పబ్బుకు షిఫ్టు వదిలే వేళ అంటూ లేకుండా పోయింది. మూడు రోజుల్లో అమ్ముడుపోవలసిన పీపా గురించి పైన చెప్పాను కదా, అక్కడ మొదలైంది.

రెండో దెబ్బ చట్టం నుంచి వచ్చింది, అదీ మంచి ఉద్దేశంతో. అప్పట్లో బ్రూవరీలు, అంటే బీరు కాచే కంపెనీలు, పెద్దవి ఆరు దేశంలోని పబ్బుల్లో చాలా భాగాన్ని గుప్పిట్లో పెట్టుకుని తమ బీరే అమ్మించేవి. పోటీ పెరగాలని 1989లో ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. 2,000 మించి పబ్బులున్న బ్రూవరీ, ఆ పైన ఉన్నవాటిలో సగానికి తమ బీరే అమ్మాలన్న ఒప్పందం నుంచి విముక్తి కలిగించాలి లేదా అమ్మేయాలి. బ్రూవరీలు అమ్మేశాయి. కొన్నది గాఫర్లు కాదు. బీరు కాచడం తెలియని పెద్ద ఆస్తి కంపెనీలు అప్పులు చేసి వేల సంఖ్యలో పబ్బులు కొన్నాయి. అవి గాఫర్‌కు అద్దె పెంచి, పైగా బీరు తమ దగ్గరే, తాము చెప్పిన ధరకే కొనాలన్నాయి. పాత బ్రూవరీకి కనీసం తన బీరు అమ్ముడుపోవాలన్న స్వార్థం ఉండేది. కొత్త యజమానికి పబ్బు నడిచినా ఆదాయమే, మూతపడితే స్థలం అమ్ముకున్నా ఆదాయమే. నా దృష్టిలో పాత పబ్బు చావుకు అసలు మలుపు ఇదే. అద్దె కట్టలేక ఏడాది రెండేళ్ళకు గాఫర్లు మారిపోవడం మొదలైంది. మేడమీద కాపురం లేని పబ్బులో, ముసలాయన నాలుగు రోజులుగా రాలేదని గమనించే మనిషి ఉండడు. అద్దె గాఫర్లకు కొంత రక్షణ ఇచ్చే నియమావళి 2016లో వచ్చింది. అప్పటికే చాలా ఆలస్యమైంది.

అదే కాలంలో గోడలు కూల్చారు. అన్ని గదులూ కలిపి ఒకటే హాలు చేస్తే ఒక్క మనిషి కౌంటర్ దగ్గర నిలబడి అంతా చూసుకోవచ్చు, జీతం ఖర్చు తగ్గుతుంది. అంతస్తుల తేడాలు చూపించే గోడలు పోయినందుకు నేను బాధపడను. కానీ వాటితోపాటు నలుగురు కూర్చుని మాట్లాడుకునే మూలలు కూడా పోయాయి. పెద్ద తెర మీద ఫుట్‌బాల్ వస్తే హాలంతా అదే మోత. డామినోస్ బల్ల మీద కణుపులతో తట్టిన చప్పుడు ఇంకెక్కడ వినిపిస్తుంది?

తర్వాతివి మీకు తెలిసినవే. 2007 జులై 1 నుంచి ఇంగ్లాండులో పబ్బుల లోపల పొగ తాగడం నిషేధం. ఊపిరితిత్తుల రోగులను జీవితమంతా చూసిన నేను ఆ చట్టాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. సూపర్‌మార్కెట్లు పబ్బు ధరలో చిన్న భాగానికే బీరు డబ్బాలు అమ్మడం మొదలుపెట్టాయి. పన్నులు, అద్దెలు, 2022 తర్వాత కరెంటు, గ్యాసు బిల్లులు పెరిగాయి. 2020 మార్చి 20 నుంచి జులై 4 దాకా కోవిడ్ వల్ల తలుపులే తెరవలేదు. నేను వచ్చిన కొత్తలో పౌండులో కొద్ది భాగానికి దొరికిన పింట్ ఇప్పుడు ఐదు పౌండ్ల దగ్గర ఉంది. 2000 నాటికి దేశంలో సుమారు 60 వేల పబ్బులుండేవి, ఇప్పుడు 45 వేల దగ్గర ఉన్నాయి. స్మెతిక్‌లో కేప్ హిల్ బ్రూవరీ 2002లో మూతపడి అక్కడ ఇళ్ళు లేచాయి. వుల్వర్‌హాంప్టన్‌లో బ్యాంక్స్ మైల్డ్ కాచే బ్రూవరీని 2025లో మూసేస్తామని దాని యజమానులు ముందు ఏడాదే ప్రకటించారు. ఈ ప్రాంతపు దాహం తీర్చిన పేర్లు అవి.

వైద్యుడిగా ఒక మాట చెప్పాలి. పబ్బులు తగ్గితే తాగుడు తగ్గుతుందని చాలామంది మనవాళ్ళు సంతోషిస్తారు. నేను చూసినంతలో ఒంటరిగా, సోఫాలో, ఎవరి కంటా పడకుండా తాగే మనిషి పబ్బులో తాగేవాడికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. తూలుతున్నవాడికి మళ్ళీ పోయడం ఇక్కడ నేరం. మంచి గాఫర్ చట్టం గుర్తొచ్చి కాకుండా మనిషి మీద అభిమానంతోనే ఆపేవాడు. సూపర్‌మార్కెట్ సంచికి ఆ అభిమానం ఉండదు.

డడ్లీకి దగ్గర్లో హిమ్లీ వద్ద క్రూకెడ్ హౌస్ అనే పబ్బు ఉండేది. 1765లో రైతు ఇల్లుగా కట్టారు. కింద బొగ్గు గనులు తవ్వడంతో ఒక పక్క దాదాపు నాలుగడుగులు కుంగిపోయి ఒరిగింది, అలాగే నిలబడింది. లోపల కిటికీ అంచు మీద గోళీ పెడితే ఎత్తు వైపుకు దొర్లుతున్నట్టు కనిపించేది. మా పిల్లలు ఆ గోళీని ఎంతసేపు చూసినా విసిగేవారు కాదు. అమ్మకం జరిగిన కొద్ది రోజులకే, 2023 ఆగస్టు 5 రాత్రి, అది కాలిపోయింది. ఏడో తేదీకల్లా గోడలు కూడా నేలమట్టం చేశారు. జనం ఇటుకల కుప్ప దగ్గర పువ్వులు పెట్టి వెళ్ళారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో స్థానిక కౌన్సిల్ దాన్ని మళ్ళీ ఉన్నదున్నట్టు కట్టాలని ఆదేశించింది. అది వట్టి ఆశ కాదు. లండన్ మైడా వేల్‌లోని కార్ల్‌టన్ టావెర్న్‌ను 2015లో అనుమతి లేకుండా కూల్చేస్తే, స్థానికులు పట్టుబట్టి తిరిగి కట్టించారు. 2021లో అది మళ్ళీ తెరుచుకుంది. 2017 నుంచి ఇంగ్లాండులో పబ్బును కూల్చాలన్నా, వేరే వాడుకకు మార్చాలన్నా ప్రణాళికా అనుమతి తప్పనిసరి. మీ వీధిలో పబ్బు గోడకు అలాంటి నోటీసు కనిపిస్తే, మీరు తాగకపోయినా అభ్యంతరం రాయవచ్చు. రాయండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతికి వస్తాను. కంపెనీలు వదిలించుకున్న ఈ ప్రాంతపు పబ్బుల్లో కొన్నింటిని తీసుకున్నది ఎవరనుకున్నారు? ఒకప్పుడు స్మోక్ రూమ్‌లో కాలు పెట్టనివ్వని పంజాబీలు, వాళ్ళ పిల్లలు. వాటిని దేశీ పబ్బులు అంటారు. చేతిపంపులు, డార్ట్స్ పలక అలాగే ఉంచి, వెనక గదిలో బొగ్గుల మీద కోడి, గొర్రె మాంసం, చేపలు కాల్చడం మొదలుపెట్టారు. చిటపటలాడే ఇనుప పళ్ళెంలో ఉల్లిపాయల మీద వచ్చే మిక్స్‌డ్ గ్రిల్ ఇప్పుడు బ్లాక్ కంట్రీ వంటకమే అయిపోయింది. వెస్ట్ బ్రామిచ్‌లో రెడ్ లయన్‌కు వెళితే పంజాబీల వలస కథను చెప్పే రంగు అద్దాల కిటికీలు చూడవచ్చు. ఆ ఊళ్ళోనే హాథోర్న్స్ ఫుట్‌బాల్ మైదానానికి దగ్గర్లో వైన్ అనే పబ్బు ఉంది. మ్యాచ్ రోజున తెల్లవాళ్ళు, పంజాబీలు, జమైకా కుటుంబాలవాళ్ళు ఒకే బల్ల మీద ఒకే పళ్ళెంలో చేతులు పెడతారు. గాఫర్ కుటుంబం అక్కడే ఉంటుంది, ఎవరు రాలేదో వాళ్ళకు తెలుసు. పాత పబ్బు ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను ముందు వీటినే చూపిస్తాను. లండన్‌లో 1991లో ఈగిల్ అనే పబ్బుతో మొదలైన మంచి భోజనపు పబ్బుల ధోరణి కూడా చాలా పబ్బులను కాపాడింది, కాదనను. కానీ బల్ల ముందే బుక్ చేసుకుని వెళ్ళేది హోటలు. పిలుపు లేకుండా వెళ్ళి అపరిచితుల పక్కన కూర్చునేది పబ్బు.

పాత గదులు చెక్కుచెదరకుండా చూడాలంటే సెడ్జ్‌లీలోని బీకన్ హోటల్‌కు వెళ్ళండి. పేరు హోటలే కానీ అది పబ్బు. మధ్యలో చిన్న గదిలా ఉండే కౌంటర్, చుట్టూ గదులు, ఒక్కో గదిలోకి చిన్న కిటికీ. తల వంచి ఆ కిటికీలోంచి అడగాలి. వెనక పెరట్లో వాళ్ళ సొంత బ్రూవరీ. సారా హ్యూస్ అనే ఆవిడ నడిపిన ఆ బ్రూవరీని ఆవిడ మనవడు 1987లో మళ్ళీ తెరిచాడు. నెదర్టన్‌లోని ఓల్డ్ స్వాన్ పబ్బును ఇక్కడ అందరూ ‘మా పార్డోస్’ అనే అంటారు, ఇంగ్లిషులో ఆ ‘మా’ అంటే అమ్మ. అక్కడ పైకప్పుకు బిగించిన ఎనామెల్ పలకల మీద హంస బొమ్మ ఉంటుంది. తల పైకెత్తి చూడటం మరిచిపోకండి. బ్రయర్లీ హిల్‌లో బాథమ్స్ బ్రూవరీ వాకిట్లో ఉన్న పబ్బు పేరు కూడా వైనే, కానీ వెస్ట్ బ్రామిచ్‌లోని వైన్‌తో దానికి సంబంధం లేదు. శుక్రవారం సాయంత్రం అక్కడ నిలబడటానికి కూడా చోటు దొరకదు, మధ్యాహ్నం వెళ్ళండి.

మద్యం తాగనివారు వెళ్ళవచ్చా అన్నారు. నిస్సంకోచంగా వెళ్ళండి. నిమ్మరసం కలిపిన సోడా అడగండి, ఎవరూ వింతగా చూడరు. కారు నడిపేవాళ్ళందరూ అదే తాగుతారు. తెలుసుకోవలసిన మర్యాద ఒక్కటే, రౌండు. నలుగురు కలిసి వెళితే ఒక్కొక్కరు ఒక్కోసారి అందరికీ కొంటారు. మీరు తాగేది సోడాయే అయినా మీ వంతు వచ్చినప్పుడు లేచి అందరికీ కొనాలి, ఖర్చు లెక్క చూడకూడదు. అది నచ్చకపోతే మొదట్లోనే, నాది నేను కొనుక్కుంటాను అని చెప్పేయండి, ఎవరూ తప్పుగా అనుకోరు. కౌంటర్ దగ్గర వరస కనిపించదు కానీ ఎవరు ముందు వచ్చారో పోసేవారికి తెలుసు. నోటు ఊపకండి, చిటిక వేయకండి. బల్లల దగ్గర కాకుండా కౌంటర్ దగ్గర నిలబడితే మాటలు వాటంతట అవే కలుస్తాయి. వారం మధ్యలో ఏదో ఒక రాత్రి క్విజ్ పెట్టే పబ్బులు చాలా ఉన్నాయి. తలా ఒకటి రెండు పౌండ్లు వేసుకుని జట్లుగా ఆడతారు. మీ ఆఫీసు పెద్దాయనలలో ఒకరిని, వచ్చే వారం మీ జట్టులో నాకు చోటుందా అని అడగండి. క్రికెట్ ప్రశ్నలకు మన మనిషి ఒకరు ఉండటం వాళ్ళకూ లాభమే.